'ఎక్కడికి' అన్న గడి

డెబ్బైల మధ్యలో, నాకు ఇరవయ్యారేళ్ళప్పుడు, ఒమన్‌లో ఒక ఉద్యోగం దొరికింది. రాబోయే ఇరవై ఏళ్ళలో ఆ దేశపు లోపలి ప్రాంతంలో ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి ప్రయాణం చేస్తారో పటం మీద గీయడం నా పని. అదేం ఉద్యోగమో ఇంట్లోవాళ్ళకు చెప్పడానికి నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. “రోడ్లు వేస్తావా?” అని నాన్నగారు ఉత్తరంలో అడిగారు. “వేయం, ఎక్కడ వేయాలో ముందుగా ఆలోచిస్తాం” అని రాశాను. “ఆలోచించినందుకే జీతమిస్తారా?” అని తిరుగు టపాలో వచ్చింది. దానికి నేను జవాబు రాయలేదు. అప్పట్లో నాకు కోపం ముక్కు మీదుండేది.

నిజం చెప్పాలంటే ఆలోచించేది కూడా నేను కాదు, దొర. నేను గీసేవాణ్ణి. కాకినాడలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, హైదరాబాదులో ఒక సర్కారీ ఆఫీసులో నాలుగేళ్ళు పటాలు గీసి, పేపర్లో ప్రకటన చూసి వచ్చాను. దొర ఇంగ్లీషాయన, యాభై దాటిన మనిషి. తన దేశంలో ఒక కౌంటీకి, అంటే మన జిల్లా లాంటి దానికి, ఇరవై ఏళ్ళ రోడ్ల ప్లాను వేసి వచ్చాడు. అక్కడ వాడిన ఫారాలనే అరబ్బీలో అచ్చు వేయించి, మేం పనిచేసే బహ్లా అనే ఊరికి తెచ్చాడు. ప్రయాణం దేనికోసం అన్నచోట ఉద్యోగం, బడి, బజారు, వినోదం అని నాలుగు గడులుండేవి. పికప్ వెనకాల మేకను కట్టేసుకుని చెల్లెలి ఇంటికి వెళ్ళేవాడు ఈ నాలుగింటిలో దేని కిందికి వస్తాడో దొరకు కూడా తెలియలేదు. కాసేపు గడ్డం గోక్కుని, వినోదం కింద వేయమన్నాడు.

బహ్లాలో మా ఆఫీసు ఒక మట్టి ఇల్లు. ఖర్జూరపు మొద్దుల పైకప్పు నుంచి మట్టి రాలుతూనే ఉండేది. ట్రేసింగు కాగితం మీద గీత సగంలో ఉండగా ఒక్క ఇసుక రేణువు అడ్డం వస్తే చాలు, పెన్ను ఇంకు కక్కేది. అప్పుడు బ్లేడుతో ఆ మరకను మెల్లగా గీకి, గోటితో నున్నగా రుద్ది, మళ్ళీ గీయాలి. చెమట అంటకుండా మణికట్టు కింద ఎప్పుడూ ఒక తువ్వాలు ఉండేది. ఇన్ని తిప్పల మధ్య కూడా నా అంకెలు, అక్షరాలు అచ్చు వేసినట్టు వచ్చేవి. వాటిని చూసి దొర మెచ్చుకుంటే రెండు రోజులు నేల మీద నడిచేవాణ్ణి కాదు.

మా పద్ధతి ఇది. ఒక వారం రోజులు రోడ్డు మీద వెళ్ళే ప్రతి బండినీ ఆపాలి. ఎక్కడి నుంచి, ఎక్కడికి అని రెండు ప్రశ్నలు అడగాలి. ఆ జవాబుల్ని బట్టి నేను ఊరి నుంచి ఊరికి తిన్నగా గీతలు గీస్తాను. ఎక్కువ బళ్ళు వెళ్ళేచోటికి లావు గీత, తక్కువ వెళ్ళేచోటికి సన్న గీత. లావు గీత ఉన్నచోట ముందుగా తారు రోడ్డు పడుతుంది. సన్న గీత ఉన్నచోట కొన్నేళ్ళకు కంకర రోడ్డు పడుతుంది. అసలు గీతే లేని ఊరికి ఇరవై ఏళ్ళ దాకా ఏమీ ఉండదు. ఆ ఊరివాళ్ళు ఎక్కడికీ వెళ్ళడం లేదని, వెళ్ళబోరని మా పటం లెక్క.

బళ్ళు ఆపి అడగడానికి ఒక మనిషి కావాలి. నంబరు ప్లేట్ల మీద అంకెలు అరబ్బీవి, ఫారమూ అరబ్బీదే. చదువుకున్న స్థానికులు అప్పటికి తక్కువ, ఉన్న కొద్దిమందినీ రాజధాని పక్కనున్న మత్రా రేవులోని ఆఫీసులు ఎగరేసుకుపోయేవి. ఇబ్రి అనే ఊరి వైపు రోడ్డు వేస్తున్న కంపెనీలో మన కరీంనగర్ వైపు వాళ్ళు చాలామంది పార పట్టుకుని పనిచేస్తుండేవారు. అందులో ఒకాయన నైజాం కాలంలో ఆరో తరగతి దాకా ఉర్దూ బడిలో చదివాడని ఎవరో చెబితే, దొర కంపెనీని అడిగి తెప్పించుకున్నాడు.

నలభై దాటిన మనిషి, తల మాత్రం పూర్తిగా నెరిసిపోయింది. పార పనికి నడుము పాడై, వంగితే లేవడం కష్టంగా ఉండేది. ఉర్దూ అంకెలకూ అక్కడి అంకెలకూ ఒకటి రెండు చోట్ల వంపు తేడా ఉంటే ఒక్క పూటలో పట్టేశాడు. ఊరి బయట ఇబ్రి రోడ్డు పక్కన టార్పాలిన్ కట్టి, ఒక మడత కుర్చీ, చిన్న బల్ల వేసి ఇచ్చాం. ఆయన ఆ కుర్చీలో వెంటనే కూర్చోలేదు. భుజం మీది తువ్వాలు తీసి తుడిచాడు.

“ముప్పై ఏండ్ల కింద మా నాయిన కొట్టి బడికి తోలిండు సారూ. గా సదువు గిప్పుడు అక్కెరకొచ్చింది” అన్నాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదు, దొరకు ఉర్దూ రాదు, తెలుగు అసలే రాదు. ఇద్దరి మధ్యా మాట మోసేది నేనే. ఫారాలు సరిగ్గా నింపితే ఏడాదంతా ఈ లెక్క పనిలోనే ఉంచుకుంటానని, తప్పులొస్తే తిరిగి సైటుకు పంపుతానని దొర మొదటి రోజే చెప్పాడు. నేను తెలుగులో చెప్పాను. సైటు అన్న మాట వినగానే ఆయన చెయ్యి నడుము మీదికి వెళ్ళింది.

మూడో రోజు పొద్దున నేను జీపులో అక్కడికి వెళ్ళేసరికి ఒక పికప్ ఆగి ఉంది. ఆయన లేచి నిలబడి, సలాం చెప్పి, “మిన్ వేన్?” అని అడిగాడు. ఎక్కడి నుంచి అని. బహ్లా అన్నాడు డ్రైవరు. ఆయన రాసుకున్నాడు, క్యాను లోంచి గ్లాసుడు నీళ్ళు పోసిచ్చాడు, చెయ్యెత్తి పంపేశాడు. రెండో ప్రశ్న అడగలేదు. దాని వెనక లారీ వచ్చింది. దానికీ అంతే.

“ఎక్కడికని అడగవేమయ్యా?” అన్నాను.

నేనేదో అనకూడని మాట అన్నట్టు చూశాడు. “బండెక్కి పోతున్నోన్ని ఏడికని ఎట్లడుగుత సారూ?”

ఆ పట్టింపు నాకూ తెలుసు. మా అమ్మమ్మ గడప దాటేటప్పుడు ఎవరైనా ఎక్కడికి అన్నారా, అంతే సంగతులు. వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేది. అడిగినవాణ్ణి ఆ రోజంతా దులిపేసేది. సైన్సు మాష్టారైన మా నాన్నగారు కూడా చెప్పుల్లో కాళ్ళు పెట్టాక ఎవరైనా అలా అడిగితే మొహం చిట్లించుకునేవారు. ఇవన్నీ చూసి పెరిగిన నేను, వారం రోజులపాటు వందలమందిని ఆ ప్రశ్న అడగమని ఒక తెలుగువాణ్ణి రోడ్డు పక్కన కూర్చోబెట్టాను. నాకు ఆ ఆలోచనే తట్టలేదు.

“పోనీ, ఎందాకా అని తిప్పి అడుగు.”

“తిప్పి అడిగినా గదే సారూ. దుకాణానికి పోయేటోన్ని అడగొచ్చు. గీ తొవ్వల పోయేటోన్ని అడగొద్దు. నేనడిగినంక ఆని బండికేమన్న అయితె, మల్ల గీ కుర్చిల ఎట్ల కూసుంట?”

ఆ తొవ్వ అలాంటిదే. వాగులు రోడ్డుకు అడ్డంగా పారే దేశం. వాగు ఎండి ఉంటే రాళ్ళ గుట్ట, పారితే బండినే ఎత్తుకుపోతుంది. అయినా నాకు కోపం నషాళానికెక్కింది. ఈ పట్టింపు మనది, వాళ్ళకు లేదు, అడిగితే హాయిగా చెబుతారు అని వాదించాను.

“ఆళ్ళకు లేకపోవచ్చు. అడిగేటోన్ని నేను గద” అన్నాడు నెమ్మదిగా.

“మరి ఈ గడి ఎలా నింపుతావు?”

ఆయన బల్ల కింద నుంచి ఒక బిస్కెట్ల డబ్బా తీశాడు. అందులో సగం నింపిన ఫారాలు రోజువారీగా పేర్చి ఉన్నాయి. “పోయిన బండి మల్ల రాదా సారూ? అచ్చేటప్పుడు ఏడికెల్లి అస్తున్నవని అడుగుత. పోయింది ఏడికో గప్పుడు తెలుస్తది. నంబరు సూసి ఎక్కిస్త.”

మూడు రోజుల ఫారాలు అక్కడే నిలబడి తిరగేశాను. ఒక్క తప్పు లేదు. ఆలోచిస్తే దొర పద్ధతి కన్నా ఇదే నికరంగా అనిపించింది. దొరకు తెలిసేది మనిషి వెళ్తానన్న చోటు. ఈయనకు తెలిసేది వెళ్ళి వచ్చిన చోటు. నా కోపం ఎక్కినంత తొందరగానే దిగిపోయింది. దొరకు చెప్పకుండా ఊరుకున్నాను. అప్పటిదాకా ఏమయ్యా అని పిలిచినవాణ్ణి, ఆ రోజు నుంచి ఎందుకో అన్నా అనడం మొదలుపెట్టాను.

ఆ మధ్యాహ్నం టార్పాలిన్ కింద ఇద్దరం కలిసి తిన్నాం. ఆయన రూమ్ నుంచి తెచ్చుకున్న పచ్చిపులుసు నాకూ పోశాడు. తింటూ నా గీతల గొప్ప చెప్పుకున్నాను. లావు గీతకు ఏమవుతుందో, సన్న గీతకు ఏమవుతుందో వివరించాను.

“గీత లేకపోతె?”

“రోడ్డు లేదు.”

“ఎన్నేండ్లు?”

“ఇరవై.”

ఆయన అన్నం కలపడం ఆపేశాడు. ఇరవై ఏళ్ళంటే ఎంతో లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు రోడ్డు వైపు చూశాడు. ఆ రోజు నుంచి ఫారాలు ఇంకా జాగ్రత్తగా రాసేవాడు. రాసింది ఒకసారి పైకి చదువుకుని గాని డబ్బాలో పెట్టేవాడు కాదు.

బుధవారం మధ్యాహ్నం కొండల మీద నల్లగా మబ్బు పట్టింది. బహ్లాలో చుక్క పడలేదు, గాలిలో కాస్త తడిమట్టి వాసన వచ్చింది, అంతే. శుక్రవారంతో మా వారం పూర్తయింది. శనివారం పొద్దున్నే దొర ఫారాలన్నీ తీసుకుని పెద్దాఫీసుకు, మత్రాకు వెళ్ళాలి. శుక్రవారం సాయంత్రం నేను టార్పాలిన్ దగ్గరికి వెళ్తే డబ్బాలో పదకొండు ఫారాలు మిగిలి ఉన్నాయి.

“ఈళ్ళింక రాలేదు సారూ. అచ్చినంక రాద్దం” అన్నాడు.

“డబ్బా ఇలా ఇవ్వన్నా” అన్నాను.

మా లెక్కలో ఒక్కో ఊరికి ఒక్కో అంకె ఉండేది. ఇబ్రిది నాలుగు. ఆ రోడ్డు వెళ్ళేదే ఇబ్రికి. తిరిగిరాని బండి ఇబ్రిలోనే ఆగి ఉంటుంది, ఇంకెక్కడికి పోతుంది? ఆఫీసుకు వచ్చి పదకొండు ఫారాల్లో పదకొండు నాలుగులు వేశాను. ఒక నిమిషం పట్టి ఉంటుంది. ఖాళీలు వదిలితే దొర అడుగుతాడు, అడిగితే ఆయన రెండో ప్రశ్న వేయని సంగతి బయటపడుతుంది, ఆయన కుర్చీ పోతుంది, కాబట్టి ఇదంతా ఆయన మంచికే అని నాకు నేను చెప్పుకున్నాను. అలా అనుకోవడం ఎంత హాయిగా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది. అసలు సంగతి, నాకు ఓపిక లేదు. స్నానం చేసి పడుకోవాలనిపించింది.

దొర మత్రా నుంచి సంబరంగా తిరిగొచ్చాడు. ఇబ్రి రోడ్డు అనుకున్నదాని కన్నా బాగా లెక్కకొచ్చిందట. నేను లావు గీత గీశాను. ఎంత బాగా వచ్చిందంటే గోడకు ఆనించి దూరం నుంచి చూసుకున్నాను.

రెండో వారం ప్రశ్నలు లేవు. వెళ్ళే బళ్ళను ఊరికే లెక్కపెట్టడమే పని. ఆ కాగితాలు తీసుకోవడానికి వారం చివర నేను వెళ్ళేసరికి అన్న కుర్చీలో లేడు, ఎండలో రోడ్డు అంచున నిలబడి ఉన్నాడు. నన్ను చూసి గబగబా వచ్చి ఒక చీటీ చేతిలో పెట్టాడు. తిరిగిరాని పదకొండు బళ్ళ నంబర్లు ఆయన దగ్గర ఉంచుకున్నాడు. నేనడక్కుండానే, వచ్చినవాణ్ణి వచ్చినట్టు అడిగి రాసుకున్నాడు.

“తొమ్మిది అచ్చినయి సారూ. ఒక్కటి గూడ ఇబ్రి కాదు.”

తొమ్మిదింటికీ ఒకే ఊరి పేరు రాసి ఉంది. మా పటంలో ఆ పేరు లేదు. ఇబ్రి రోడ్డు మీద కొంత దూరం పోయాక కుడివైపు వాగులోకి దిగి, వాగులోనే పైకి పోతే కొండ మొదట్లో ఉందట ఆ ఊరు. పటంలో ఆ చోట నేనే గోధుమరంగు ఇంకుతో కొండ వంపులు గీశాను. ఇళ్ళున్నాయని ఎవరూ చెప్పలేదు.

మేం మాట్లాడుతుండగానే పదో బండి వచ్చింది. పాత పికప్, ముందు అద్దం సగం పగిలి ఉంది. డ్రైవరు నా ఈడువాడు. వెనకాల పరుపు మీద అతని తండ్రి పడుకుని ఉన్నాడు. కాలికి కట్టు ఉంది. ఈగలు తోలుతూ ఒక ఆడమనిషి పక్కన కూర్చుని ఉంది. అన్న ఎక్కడి నుంచని అడిగాడు. డ్రైవరు అదే ఊరి పేరు చెప్పాడు. తర్వాత అరబ్బీలో, కొంచెం హిందీలో, చేతులతో చెప్పుకొచ్చాడు. ఆసుపత్రిలో తండ్రి కాలికి కోత పెట్టారు. ఇంటికి తీసుకెళ్ళి, నాలుగో రోజున కట్టు మార్చడానికి మళ్ళీ తీసుకురమ్మన్నారు. ఆ మధ్యలో కొండ మీద వాన పడింది. వాగు ఒక్క రోజే పారింది గానీ తొవ్వను మొత్తం కొట్టుకుపోయింది. ఊరి మగవాళ్ళంతా కలిసి వారం రోజులు రాళ్ళు ఏరి పక్కన వేస్తే ఇప్పటికి బండి పట్టింది. కట్టు దగ్గర వాసన నాకు నిలబడ్డచోటికి వస్తోంది. ఆసుపత్రికని ఎవరూ చెప్పనక్కర్లేదు. అన్న నీళ్ళు పోసిచ్చి పంపేశాడు.

అప్పుడు నాకు అర్థమైంది. ఆ వారంలో రోడ్డు ఎవరికి అందరికన్నా ఎక్కువ అవసరమో, సరిగ్గా వాళ్ళే తిరిగి రాలేకపోయారు. వాళ్ళు పోయిన చోటిని నేను ఒక్క నిమిషంలో ఇబ్రి చేసేశాను.

“గీత పడుతదా సారూ ఈ ఊరికి?” అన్నాడు అన్న.

“చూద్దాం” అన్నాను.

చూద్దాం అన్న మాటకు అర్థమేమిటో, నైజాం ఆఫీసుల నుంచి కంపెనీ ఆఫీసుల దాకా చూసిన ఆయనకు తెలియంది కాదు. “దొరకు చెప్దాం” అన్నాడు.

“చెబితే నువ్వు అడగలేదన్న సంగతి కూడా చెప్పాల్సి వస్తుందన్నా. కుర్చీ పోతుంది.”

ఆయన నా చేతిలోంచి చీటీ తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు ప్రాణం కుదుటపడింది. ఆయన కుర్చీని నేను మళ్ళీ ఒకసారి కాపాడినట్టు జీపెక్కాను.

మర్నాడు పొద్దున నేను బల్ల మీద వంగి ఉండగా గుమ్మంలో నీడ పడింది. అన్న. ఉతికిన చొక్కా వేసుకుని, చీటీ పట్టుకుని, టార్పాలిన్ దగ్గర నుంచి బహ్లా దాకా నడిచి వచ్చాడు. నన్ను పలకరించి నేరుగా దొర గదిలోకి వెళ్ళాడు. మాట మోయడానికి నేను వెనకాల వెళ్ళక తప్పలేదు.

బండెక్కి పోయేవాణ్ణి ఎక్కడికని అడగడం తనవల్ల కాలేదని, తిరిగొచ్చినప్పుడు అడిగి రాశానని, పదకొండు బళ్ళు వారం లోపల తిరిగి రాలేదని, తర్వాత వచ్చిన పదీ ఆ ఊరి నుంచేనని ఆయన చెప్పాడు. ఒక్కో మాటా నేను ఇంగ్లీషులో చెప్పాను. దొర పెట్టె తెరిచి పదకొండు ఫారాలు వెతికి బల్ల మీద పరిచాడు. మిగతా గడులన్నిటిలో అన్న వేసిన అరబ్బీ అంకెలు. ఒక్క గడిలో మాత్రం ఇంగ్లీషు నాలుగు, అచ్చు వేసినట్టున్న నా నాలుగు.

“ఇవి వేసింది నువ్వే కదా?” అన్నాడు దొర నాతో.

అవునన్నాను.

“ఎందుకు వేశావు?”

ఏం చెప్పాలా అని నేను వెతుక్కుంటుంటే, “ఏమంటుండు సారూ?” అని అన్న అడిగాడు. ప్రశ్న ఆయనకు చెప్పాను. చెప్పకపోయినా సరిపోయేది. అది నన్ను అడిగిన ప్రశ్న.

“నేనే చెప్పిన అనుండ్రి” అన్నాడు ఆయన. “గవన్ని ఇబ్రి బండ్లే, నాలుగు ఎయ్యిండ్రని సారుకు నేనే చెప్పిన. సారుకేం తెల్వది. గట్లనే చెప్పుండ్రి దొరకు.”

నేను దొర వైపు తిరిగాను. అవన్నీ ఇబ్రి బళ్ళేనని తనే నాకు చెప్పానంటున్నాడు అన్నాను. తనే నాలుగు వేయమన్నానంటున్నాడు అన్నాను. నాకేమీ తెలియదంటున్నాడు అన్నాను. ప్రతి వాక్యం చివరా ఆ అంటున్నాడు అన్న మాట జాగ్రత్తగా పెట్టాను. అబద్ధం ఆయనది, నేను మోసుకొచ్చేవాణ్ణి మాత్రమే. నా ఇంగ్లీషు ఆ రోజు వచ్చినంత సాఫీగా అంతకు ముందు ఎప్పుడూ రాలేదు.

దొర చెడ్డవాడు కాదు. చాలాసేపు చీటీ చూశాడు, పటం తెప్పించుకుని కొండ వంపుల మధ్య వేలు పెట్టి వెతికాడు. ఆ ఊరిని వేయమన్నాడు. ఊరి నుంచి రోడ్డుదాకా చుక్కల గీత గీయమన్నాడు. చుక్కల గీతంటే మా పటంలో పదేళ్ళ తర్వాత వేసే కంకర రోడ్డు. వాగు దాటేచోట కాంక్రీటు వేయాలని కూడా పక్కన రాయించాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి, “ఇతన్ని తిరిగి సైటుకు వెళ్ళమని చెప్పు” అన్నాడు.

అదీ నేనే చెప్పాను. అన్న తలూపాడు. చుక్కల గీత పటం మీద ఎక్కడ పడుతుందో చూపించమన్నాడు. చూపించాను. ఆ చోట వేలు పెట్టబోయి, ఇంకు చెడుతుందేమోనని వెనక్కి తీసుకున్నాడు. ఆ మధ్యాహ్నమే కంపెనీ లారీలో ఇబ్రి వైపు వెళ్ళిపోయాడు. తర్వాతి ప్రశ్నల వారానికి ఆ కుర్చీలో ఒక మలయాళీ కుర్రాడు కూర్చున్నాడు. అతను రెండు ప్రశ్నలూ గడగడా అడిగేవాడు.

ఆ గీత గీయడానికి నాకు రెండు రోజులు పట్టింది. మామూలుగా గంట పని. రెండుసార్లు ఇంకు చిమ్మింది, బ్లేడుతో గీకాను, మూడోసారి కాగితమే చిరిగింది. కొత్త కాగితం వేసి పటం మొత్తం మొదటి నుంచి గీశాను.

మూడు నెలల తర్వాత కొలతల పని మీద ఇబ్రి వైపు వెళ్ళాను. చలికాలం, ఎండ హాయిగా ఉంది. రోడ్డు పక్కన వరసగా మనవాళ్ళు కంకర సర్దుతున్నారు. జీపు ఆపమన్నాను. అన్న వరస చివర ఉన్నాడు. పార నేలకు ఆనించి, దాని మీద బరువు మోపి మెల్లగా నడుము ఎత్తాడు. మొహం ఎండకు కమిలిపోయింది. నన్ను చూసి నవ్వాడు.

“గీత పడ్డదా సారూ?”

“పడిందన్నా. అచ్చుకు కూడా వెళ్ళింది. కానీ రోడ్డు రావడానికి పదేళ్ళు పడుతుంది.”

“పదేండ్లా” అన్నాడు. “గా ముసలాయిన అప్పటికి ఉంటడో ఉండడో. పటంలనైతె ఉన్నది గద ఊరు. ఇగ తీసెయ్యరు గద?”

“తీసెయ్యరు.”

దార్లో నూరుసార్లు మనసులో అనుకున్న మాట అప్పుడు ఎత్తుకున్నాను. “అన్నా, ఆ రోజు దొర గదిలో నేను...”

ఆయన నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. “నాకు ఇంగ్లీషు రాదు సారూ. దొర మొకమే సూసుకుంట నిలవడ్డ. మీరు మంచోళ్ళు, ఏడ నా మాట మార్చి తప్పు మీ మీదేసుకుంటరో అని పానమంత గుబగుబలాడింది. మీరు గూడ పోతె గా గీత గీసేటోడెవ్వడు? నేనన్నది అన్నట్టే చెప్పిండ్రు. గదే సాలు.”

వరస అవతల నుంచి ఫోర్‌మన్ కేకేశాడు. ఆయన పార తీసుకుని వంగాడు. తప్పు నా మీద వేసుకోవాలన్న ఆలోచన ఆ గదిలో నాకు ఒక్క క్షణం కూడా రాలేదని, ఆయన వంగిన వీపుతో చెప్పలేక జీపెక్కాను.